కారణం అనే గడి

యంత్రాల మరమ్మతు విభాగంలో సుమారు ముప్పది సంవత్సరాలు పనిచేసిన వారికి ఒక దురలవాటు ఏర్పడుతుంది. ఎవరు ఏ సంగతి చెప్పినా ‘అది ఫలితం, కారణం చెప్పండి’ అని అడ్డుపడతారు. మేమూ ఆ అలవాటుకు లోబడినవారమే. షిఫ్టు ముగియగానే బ్రేక్‌డౌన్ రిజిస్టరు తెప్పించుకొని, ‘కారణం’ అనే గడిలో ‘మోటారు కాలిపోయింది’ అని వ్రాసిన జూనియరు ఇంజనీర్లను పిలిపించి మందలించడం మా నిత్యకృత్యాలలో ఒకటి. మోటారు కాలిపోవడం జరిగిన సంగతి. ఎందుకు కాలింది? బేరింగు పట్టేసిందా, ఒక ఫేజు పోయిందా, తేమ చేరి ఇన్సులేషను దెబ్బతిన్నదా? ఆ మాట వ్రాయకపోతే వచ్చే సంవత్సరానికి ఎన్ని బేరింగులు తెప్పించాలో స్టోర్సు వారికి తెలిసే మార్గం లేదు. ఈ ఉపదేశం మా నోటివెంట విన్నవారు మన పత్రిక పాఠకులలో చాలామందే ఉంటారు. వారు నవ్వుకున్నా మేము తప్పు పట్టము. ఎందుకంటే 2017 మార్చి నెలలో, మా సొంత అన్నగారి విషయంలో, ఆ గడిలో మేము వ్రాయించినది ‘మోటారు కాలిపోయింది’ అనే మాటే.

అన్నగారు అనంతపురం జిల్లాలో ఉపాధ్యాయులుగా పనిచేసి పదవీ విరమణ చేసినవారు. మాకంటే పదహారేళ్లు పెద్ద. మాకు ఎక్కాలు నేర్పినది ఆయనే. 2015 చివరలో ఆయనకు ఆయాసం మొదలైంది. వేరుశెనగ చేను వరకు నడిచి గట్టుమీద కూలబడేవారు. ‘వయసు రా తమ్ముడూ, ఇంకేముంది’ అనేవారు. దగ్గరి పట్టణంలో రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7 ఉన్నది. రక్తహీనత అన్నారు. ఇనుము మాత్రలు, బి12 సూదులు ఇచ్చారు. మా వదినె ఆకుకూరలు, బీట్‌రూటు, ఖర్జూరాలు అంటూ తొమ్మిది నెలలు పాటుపడ్డది. మన పల్లెలలో ఇనుములోపం వలన వచ్చే రక్తహీనత అంత సాధారణం కనుక ఆ వైద్యుణ్ణి తప్పుపట్టడానికి మాకు మనసొప్పదు. అయితే రక్తహీనత కూడా ఫలితమే గాని కారణం కాదన్న సంగతి, ఇతరులకు నిత్యం పాఠం చెప్పే మాకు తోచి ఉండవలసినది. తోచలేదు.

అప్పట్లో మేము బెంగుళూరులో పనిచేస్తున్నాము. 2016 జూన్‌లో అన్నగారిని క్వార్టర్సుకు తీసుకువచ్చి ఒక పెద్ద ఆసుపత్రిలో చూపించాము. తుంటి ఎముకలోకి సూది దించి మజ్జను తీసి పరీక్షించారు. వ్యాధి పేరు మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్. వైద్యులు ‘ఎం.డి.ఎస్.’ అంటారు. మజ్జలో బ్లాస్టులు, అంటే ఇంకా పరిపక్వం కాని పసికణాలు, 12 శాతం ఉన్నాయని నివేదికలో వ్రాశారు.

ఎముక మజ్జ ఒక కర్మాగారం వంటిదని వైద్యుడు చెప్పడం మొదలుపెట్టగానే మాకు ప్రాణం లేచివచ్చింది. ఆ భాష మాకు తెలుసు. అక్కడ ప్రధానంగా రెండు ఉత్పత్తి శ్రేణులున్నాయి. లింఫాయిడ్ శ్రేణిలో లింఫోసైట్లు అనే ఒక జాతి తెల్లకణాలు తయారవుతాయి. మైలాయిడ్ శ్రేణిలో ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, తక్కిన తెల్లకణాలలో అధికభాగం తయారవుతాయి. ఈ రెండవ శ్రేణి చెడే విధాలు అనేకం. ఎర్రకణాలు మితిమీరితే పాలీసైతీమియా వేరా. ప్లేట్‌లెట్లు మితిమీరితే ఎసెన్షియల్ త్రాంబోసైతీమియా. మజ్జలో నారలు పేరుకొని గట్టిపడితే మైలోఫైబ్రోసిస్. తెల్లకణాలు లక్షలలో పెరిగి ప్లీహం ఉబ్బితే, చాలామటుకు అది క్రానిక్ మైలాయిడ్ లుకేమియా. ఎం.డి.ఎస్. తీరు వేరు. అందులో కర్మాగారం ఆగదు, తరచు మునుపటికంటె ఎక్కువే పనిచేస్తుంది. కాని తయారైన సరుకు లోపభూయిష్ఠమై, గేటు దాటకముందే నశిస్తుంది. లోపల రద్దీ, బయట కొరత. ఆ పసికణాలే నేలంతా ఆక్రమిస్తే అది అక్యూట్ మైలాయిడ్ లుకేమియా, అనగా ఎ.ఎం.ఎల్.

అన్నగారికి అజాసైటిడిన్ అనే మందు నిర్ణయించారు. 28 రోజుల ఆవృత్తిలో వరుసగా ఏడు రోజులు ఇంజెక్షన్లు. ఆ ఏడు రోజులూ వరండాలో బెంచీమీద కూర్చోవడం మా పని. అక్కడే రిజిస్ట్రీ ఉద్యోగిని ఒకరు పరిచయమయ్యారు. చేతిలో అట్ట, దానికి క్లిప్పుతో బిగించిన ఫారం. పేరు, వయసు, మాతృభాష, చిరునామా అడిగారు. ఆసుపత్రి చీటీలో సౌకర్యం కోసం మా క్వార్టర్సు చిరునామా ఇచ్చి ఉన్నాము. ‘ఈ చిరునామాలో ఎన్నాళ్లుగా ఉంటున్నారు?’ అని ఆమె అడిగారు. మూడు వారాలన్నాము. ఆమె ఒక గడి కొట్టివేసి వేరొక గడిలో గుర్తు పెట్టారు.

‘అయితే పెద్దాయన మా ఆసుపత్రి లెక్కలో ఉంటారు సార్. నగరం లెక్కలో ఉండరు.’

కాన్సరు రిజిస్ట్రీలు రెండు రకాలన్న సంగతి ఆ రోజు తెలిసింది. ఆసుపత్రి రిజిస్ట్రీ తన గుమ్మంలోకి వచ్చిన ప్రతి రోగినీ నమోదు చేస్తుంది. జనాభా రిజిస్ట్రీ ఒక నిర్ణీత ప్రాంతంలో నివసించేవారిలో ఎందరికి కొత్తగా వ్యాధి వచ్చిందో లెక్కిస్తుంది. ఆ ప్రాంతంలో కనీసం ఒక సంవత్సరం నివాసమున్న వారినే చేరుస్తుంది. లక్షమందికి ఇందరు అని చెప్పాలంటే పైనున్న అంకె, క్రిందనున్న అంకె ఒకే ఊరివి కావాలి గదా. ఒక ఫీడరు లోడును మరొక ఫీడరు మీటరులో చూపితే మనం మాత్రం ఒప్పుకుంటామా? నియమం సరైనదే. కాని దాని పర్యవసానం మాకు కొంచెం గుచ్చుకుంది. బెంగుళూరు లెక్కలో అన్నగారు లేరు. ఆయన సొంత జిల్లాలో లెక్క వ్రాసేవారే లేరు.

ఆ తరువాత తెలుసుకున్న వివరాలు ఇక్కడ చెప్పడం అప్రస్తుతం కాదు. భారతదేశంలో తొలి జనాభా కాన్సరు రిజిస్ట్రీ 1963లో బొంబాయిలో ఏర్పడింది. భారత వైద్య పరిశోధన మండలి చేపట్టిన జాతీయ కార్యక్రమం క్రింద బెంగుళూరు, మద్రాసు, బొంబాయి నగరాలలో 1982 జనవరి నుండి సమాచార సేకరణ సాగింది. 2012-16 సంవత్సరాలకు సంబంధించి 2020లో వెలువడిన జాతీయ నివేదికలో 28 జనాభా రిజిస్ట్రీల లెక్కలున్నాయి. అవన్నీ కలిసి దేశ జనాభాలో పదింట ఒక వంతుకు మించవు. ఆ 28లో తెలుగు రాష్ట్రాల నుండి ఉన్నది హైదరాబాదు జిల్లా ఒక్కటే.

ఇంజెక్షన్ల రోజులలో ఆ ఉద్యోగిని తీరిక దొరికినప్పుడు మా ప్రశ్నలకు ఓపికగా జవాబులు చెప్పేవారు. మాకు కోడ్ పుస్తకాలంటే ఉన్న మోజు చూసి ఆమెకు నవ్వు వచ్చేది. ప్రతి కాన్సరుకూ నాలుగు అంకెలు, ఒక గీత, గీత తరువాత మరొక అంకె ఉంటాయి. మొదటి నాలుగూ కణజాతిని చెబుతాయి. చివరిది దాని నడవడిని చెబుతుంది: 0 అంటే నిరపాయం, 1 అంటే అనిశ్చితం, 2 అంటే ఉన్నచోటనే ఉన్నది, 3 అంటే ప్రాణాంతక స్వభావం గలది. అన్నగారి ఫారంలో 9983/3 అని వ్రాశారు. స్థానం సి42.1, అనగా ఎముక మజ్జ. నిర్ధారణ ఏ ఆధారంతో జరిగిందో చెప్పడానికి మరొక అంకె. వైద్యుని అంచనా ఒక్కటే ఉంటే ఒక అంకె, సూదితో తీసిన మజ్జద్రవాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే ఒకటి, ఎముక ముక్కనే తీసి పరీక్షిస్తే ఇంకొకటి. మరణ ధ్రువపత్రం తప్ప వేరే ఆధారమేదీ దొరకకపోతే సున్న.

ఆమె చెప్పిన వాటిలో మమ్మల్ని ఎక్కువగా ఆశ్చర్యపరచినది ఆ గీత తరువాతి అంకె చరిత్ర. 1990లో వెలువడిన కోడ్ పుస్తకం రెండవ కూర్పులో ఈ వ్యాధికే 9983/1 అని ఉండేది. నడవడి అనిశ్చితం కనుక కాన్సరు కాదు, లెక్కించనక్కరలేదు. 2000లో వచ్చిన మూడవ కూర్పులో ఎం.డి.ఎస్.తోపాటు పాలీసైతీమియా వేరా, ఎసెన్షియల్ త్రాంబోసైతీమియా, మైలోఫైబ్రోసిస్‌లకు కూడా ఆ 1ని మార్చి 3 చేశారు. రోగి అతడే, రోగం అదే. 2001 నుండి అమెరికా రిజిస్ట్రీలు వీటిని కాన్సర్లుగా నమోదు చేయసాగాయి. సంగతి తెలియనివాడు 1999 పట్టికనూ 2002 పట్టికనూ ప్రక్కప్రక్కన పెట్టుకుంటే ఏదో కొత్త మహమ్మారి వచ్చిందని బెదరిపోతాడు. మన సబ్‌స్టేషనులో పాత మీటరు తీసి కొత్తది పెట్టిన నెలలో వాడకం పెరిగినట్లు కనిపించి, విచారణ సంఘం వేయబోయిన ఉదంతం కొందరికి జ్ఞాపకం ఉండవచ్చు.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. సంవత్సరాలుగా ఆసుపత్రులు వాడుతున్న పదవ అంతర్జాతీయ వ్యాధి వర్గీకరణలో లుకేమియాలకు ‘సి’ అక్షరంతో సంకేతాలున్నాయి. మైలాయిడ్ లుకేమియా సి92. ఎం.డి.ఎస్. మాత్రం డి46, అనిశ్చిత స్వభావం గల కంతుల సరసన. ‘సి’ అక్షరం చూసి కాన్సర్లను ఏరుకునే గుమాస్తా చేతిలో ఈ రోగులందరూ జల్లెడ కన్నాలలోంచి జారిపోతారు. వీరిలో ఎక్కువమంది వృద్ధులు. ఎందరికో మజ్జ పరీక్ష జరుగనే జరుగదు. పెద్దవయసులో రక్తం తక్కువైందనుకొని నెలకొకసారి రక్తం ఎక్కించి ఇంటికి పంపుతారు.

మజ్జలో పసికణాల శాతాన్ని బట్టి పేరు పెట్టే పద్ధతి కూడా స్థిరంగా లేదు. ఫ్రెంచి, అమెరికన్, బ్రిటిష్ నిపుణులు కలిసి 1976లో చేసిన వర్గీకరణలో బ్లాస్టులు 30 శాతం ఉంటేనే అక్యూట్ లుకేమియా. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ గీతను 20 శాతానికి దించింది. 25 శాతం ఉన్న రోగి 2000లో ఎం.డి.ఎస్. రోగి, 2002లో లుకేమియా రోగి. 2022లో అయితే రెండు వర్గీకరణలు ఒకే ఏట వెలువడ్డాయి. అన్నగారి 12 శాతానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకం ప్రకారం ఎం.డి.ఎస్. పేరే నిలుస్తుంది. రెండవ నిపుణుల బృందం ప్రకారం ‘ఎం.డి.ఎస్./ఎ.ఎం.ఎల్.’ అనే జోడుపేరు వస్తుంది. అందుకే రిజిస్ట్రీలో నమోదు చేసేవారు పేరుతోపాటు ఆ పేరు ఏ సంవత్సరపు పుస్తకం నుండి వచ్చిందో కూడా ఎరిగి ఉండాలి. నివేదికలో లేని వివరాన్ని ఊహించి వ్రాయరాదు. ‘లుకేమియా’ అని మాత్రమే ఉంటే అందుకు వేరే సంకేతం ఉన్నది, 9800/3. మా స్టోర్సులోని ‘ఇతరములు’ వంటిది. అందులో పడేవాటి సంఖ్య ఎంత తగ్గితే పని అంత బాగా జరుగుతున్నట్లు.

ఇంత సూక్ష్మంగా విడదీయడం దేనికని మేము అడిగాము. ఆమె క్రానిక్ మైలాయిడ్ లుకేమియా సంగతి చెప్పారు. 1960లో ఫిలడెల్ఫియా నగరంలో నోవెల్, హంగర్‌ఫోర్డ్ అనే ఇద్దరు ఈ రోగుల కణాలలో ఒక పొట్టి క్రోమోజోమును చూశారు. 1973లో జానెట్ రౌలీ అది 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారు కావడం వలన ఏర్పడిందని కనుగొన్నారు. 2001లో ఆ లోపాన్నే గురిచూసి కొట్టే ఇమాటినిబ్ మాత్ర అమెరికాలో ఆమోదం పొందింది. ఆ మాత్ర పేటెంటు వివాదంలో మన సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న ఇచ్చిన తీర్పు అందరూ ఎరిగినదే. ఫారంలో 9863/3 అని ఉంటే క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అని మాత్రమే తెలుస్తుంది. 9875/3 అని ఉంటే ఆ లోపం పరీక్షలో రుజువైనదని తెలుస్తుంది. ఒక రాష్ట్రానికి ఎన్ని మాత్రలు కావాలో చెప్పగలిగేది ఈ రెండవ అంకె.

(లుకేమియా ప్రసంగం వచ్చినప్పుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకోకుండా ఉండలేము. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ పసిపిల్లల లుకేమియాను తాత్కాలికంగానైనా వెనుకకు నెట్టగలిగినట్లు 1948లో ప్రకటించారు. సుబ్బారావుగారు ఆ ఏడే కన్నుమూశారు. అది ప్రధానంగా లింఫాయిడ్ వైపు కథ. అన్నగారు తన తరగతిలో ఏటా చెప్పే కథ కూడా.)

2017 జనవరిలో మళ్లీ మజ్జ తీశారు. బ్లాస్టులు 34 శాతం. ఎం.డి.ఎస్. కాస్తా ఎ.ఎం.ఎల్.గా మారింది. ఎం.డి.ఎస్. నుండి పుట్టినదని తెలిస్తే దానికి 9895/3 అని, పూర్వచరిత్ర తెలియకపోతే 9861/3 అని వ్రాస్తారట. మన యంత్రాలకు హిస్టరీ కార్డు ఎందుకుంచుతామో దీనికీ అందుకే. ఇది రెండవ కాన్సరా, మొదటిదే ముదిరినదా అన్న దానిపై కూడా ఏకాభిప్రాయం లేదు. అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ నియమాల ప్రకారం మైలాయిడ్ వర్గమంతా ఒకటే గుంపు కనుక అన్నగారు ఒక్క కేసు. 2010 నుండి అమలులో ఉన్న అమెరికా నియమాల ప్రకారం, దీర్ఘవ్యాధి 21 రోజులు దాటిన తరువాత అక్యూట్ రూపం దాల్చితే రెండు కేసులు. బెంచీమీద కూర్చొని ఈ సంగతి అన్నగారికి చెప్పాము. ‘ఒకడినే ఇద్దరుగా లెక్కపెడతారా? మస్టరు రోలులో అట్లా వ్రాస్తే మమ్మల్ని సస్పెండు చేసేవాళ్లు’ అని నవ్వారు. ఆయన నవ్వు మాకు జ్ఞాపకమున్నంతలో అదే చివరిది.

తీవ్రమైన కీమోథెరపీని తట్టుకోలేరని వైద్యులు చెప్పారు. ఇంటికి పోదామన్నారు అన్నగారు. ఫిబ్రవరిలో ఊరికి తీసుకువెళ్లాము. మార్చిలో జ్వరం వచ్చింది, తగ్గలేదు. పట్టణంలోని ఒక చిన్న నర్సింగ్ హోములో మూడవనాటి తెల్లవారుజామున పోయారు.

మరణకారణ ధ్రువపత్రం అనే ఫారం మేము అదే మొదటిసారి చూడడం. మొదటి భాగంలో ‘ఎ’ వరుస, తక్షణ కారణం. దాని క్రింద ‘బి’, ‘సి’ వరుసలు, ఆ తక్షణ కారణానికి దారితీసిన మూలకారణాలు. ప్రాణం పోయిన తీరును, అంటే గుండె ఆగడం, నీరసించడం వంటివాటిని కారణంగా వ్రాయరాదని, వ్యాధిని వ్రాయాలని ఆ ఫారంలోనే అచ్చువేసి ఉన్నది. చదివాము. మేము ముప్పదేళ్లుగా జూనియర్లకు చెబుతున్న వాక్యం అది.

వైద్యుడు కలం పట్టుకొని ‘ఏమని వ్రాయమంటారు?’ అన్నారు. అన్నగారి చిన్నమ్మాయికి అప్పుడే ఒక సంబంధం కుదురుతూ ఉన్నది. మగపెళ్లివారు వచ్చే ఆదివారానికి రావలసినవారు, పరామర్శకు ముందే వస్తారు. రక్తపు కాన్సరు అనే మాట వింటే, వంశంలో ఉన్నదేమోనని వెనుకాడతారని మా వదినె భయం. ఈ జబ్బు చాలావరకు వంశపారంపర్యం కాదని మాకు తెలుసు. బెంగుళూరు వైద్యుడు స్పష్టంగా చెప్పాడు. అయినా గోడకు ఆనుకొని నిలబడిన వదినె ముఖం చూసి, ‘గుండె ఆగిందని వ్రాయండి’ అన్నాము. ఆయన ‘ఎ’ వరుసలో గుండె, శ్వాస ఆగినట్లు వ్రాశారు. ‘బి’, ‘సి’ వరుసలు ఖాళీ. సంతకం చేసి ముద్ర వేశారు.

2018లో బెంగుళూరు నుండి ఫోను వచ్చింది. ఆ ఉద్యోగినిదే. రోగులు ఏమయ్యారో కనుక్కోవడం కూడా రిజిస్ట్రీ పనే. లేకపోతే చికిత్స తరువాత ఎవరు ఎన్నాళ్లు బ్రతికారో లెక్క తేలదు. తేదీ చెప్పాము. ‘ఏ కారణం వలన సార్?’ అన్నారు. ఆమె మాకు కోడ్ పుస్తకం పేజీలు త్రిప్పి చూపించిన మనిషి. అప్పటికి పెళ్లి జరిగి ఆరునెలలైంది. దాచవలసిన అవసరమేదీ లేదు. అయినా పత్రంలో ఉన్న మాటే నోటికి వచ్చింది. ‘గుండె’ అన్నాము. ఆమె ఒక క్షణం ఆగి, ‘అట్లాగా సార్’ అని ఊరుకున్నారు.

2023లో అమ్మాయి పూణె నుండి ఫోను చేసింది. జీవితబీమా దరఖాస్తు నింపుతున్నది. అందులో తల్లిదండ్రుల వివరాల గడి ఉన్నది. జీవించి లేకపోతే ఏ కారణం వలన మరణించారో వ్రాయాలి.

‘చిన్నాన్నా, నాన్న పేరు దగ్గర సర్టిఫికెట్టులో ఉన్నది వ్రాయాలా, జరిగినది వ్రాయాలా?’

ఆమెకు జబ్బు సంగతి తెలుసు. ధ్రువపత్రం సంగతీ తెలుసు. ఎవరికోసం అట్లా వ్రాయించామో కూడా తెలుసు. కొంతసేపు మేము జవాబు చెప్పలేకపోయాము. తరువాత బీరువాలోంచి ఫైలు తీసి, మజ్జ నివేదికలోని పేరు అక్షరం అక్షరం చదివి చెప్పాము. ఆమె వ్రాసుకున్నది. ‘అమ్మకు చెప్పవద్దులే చిన్నాన్నా’ అన్నది.

ఆ శనివారం ఫైలు తీసుకొని ఆసుపత్రికి వెళ్లాము. రిజిస్ట్రీ గదిలో ఆమె లేరు, బదిలీ అయ్యారట. ఆ బల్ల దగ్గర ఒక కుర్రవాడు, అతని ముందు కంప్యూటరు. అన్నగారి పేరు, సంవత్సరం చెప్పగానే తెరమీద వివరాలన్నీ వచ్చాయి. జనవరి నాటి 34 శాతం దగ్గరనుండి అంతా ఉన్నది. మరణకారణం దగ్గర మాత్రం ‘గుండెజబ్బు, బంధువు ఫోనులో చెప్పిన ప్రకారం’ అని ఉన్నది. పురపాలక సంఘం రిజిస్టరులోని మాట ఇక్కడ కూర్చొని మార్చగలిగేది కాదు. ఇది మార్చవచ్చునన్నాడు. నివేదికల నకళ్లు తీసుకున్నాడు, జ్వరం ఎన్ని రోజులున్నదో అడిగాడు, రక్తస్రావం ఏమైనా జరిగిందా అని అడిగాడు. అన్నీ చెప్పాము. చివరికి ఒక కాగితం మా ముందుకు జరిపి, సమాచారం ఇచ్చినవారి సంతకం, రోగికి ఏమవుతారో వ్రాయమన్నాడు.

సంతకం చేసి, రెండవ గడిలో ‘తమ్ముడు’ అని వ్రాశాము.